తిమింగలమా, పోర్పాయిసా? నీటి కింద వినే పరికరం ఎంచుకునే ముందు

సముద్రంలో తిమింగలాలను, డాల్ఫిన్లకు చుట్టాలైన పోర్పాయిస్‌లను శబ్దం ఆధారంగా గమనించాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ పరికరం కొనాలి సార్?" అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీరు వినదలచుకున్న జీవి ఏ గొంతుతో మాట్లాడుతుంది? నీలి తిమింగలం పాటలో బలమంతా చాలావరకు 20 నుంచి 100 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని కంపనాలు) ప్రాంతంలో ఉంటుంది. మన తీరంలో తిరిగే ఫిన్‌లెస్ పోర్పాయిస్, అంటే వీపు మీద రెక్క లేని చిన్న జీవి, దారి, చేపలు వెతకడానికి చేసే క్లిక్కులు 120 కిలోహెర్ట్జ్ దాటి ఉంటాయి. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఈ రెండు గొంతుల మధ్య తేడా వెయ్యి రెట్లకు పైమాటే. ఒకదానికి చక్కగా సరిపోయే పరికరం రెండోదాని విషయంలో పూర్తిగా చెవిటిది కావచ్చు. డబ్బు, ఒక ఏడాది శ్రమ వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

నేను కడపలో డిగ్రీ విద్యార్థులకు ఫిజిక్స్ చెబుతాను. ధ్వని పాఠం అయిపోయాక ఒకరిద్దరు పిల్లలు వచ్చి ఎమ్మెస్సీకి వెళ్లాక సముద్ర జీవుల శబ్దాల మీద ప్రాజెక్టు చేస్తామంటారు. కర్నూలు, అనంతపురం నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. "మనకు సముద్రమే లేదు కదా, నీకెందుకమ్మా ఇది" అని ఇంట్లోవాళ్లు అంటున్నారని వాళ్ల టెన్షన్. ఈ పనిలో నీళ్ల మీద గడిపే రోజులు తక్కువ, కంప్యూటర్ ముందు గడిపేవే ఎక్కువ. ఆ పని కడపలో కూర్చునీ చేయొచ్చు. పైగా సముద్రంతో మనకు సంబంధం లేకపోలేదు. పాత కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయిని చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో బరువు కోసం కలుపుతారు. సముద్రంలో తవ్వే బావులకు కూడా కావాల్సింది ఈ ఖనిజమే. ఆ చమురు కోసం వెతికే ఓడలు నీళ్లలో పేల్చే ఎయిర్‌గన్‌ల మోత, పెద్ద తిమింగలాలు పిలుచుకునే శ్రుతిలోనే ఉంటుంది. అక్కడ ఏం వినిపిస్తోందో తెలుసుకోవాల్సిన బాధ్యత మనకూ ఉందని నేను నిజంగా నమ్ముతాను.

చూసి లెక్కించాలా, విని తెలుసుకోవాలా

పడవ మీద నుంచి బైనాక్యులర్స్‌తో చూసి లెక్కించడం పాత పద్ధతి, ఇప్పటికీ అవసరమైన పద్ధతి. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2021 నుంచి సముద్ర క్షీరదాల లెక్కింపు సర్వేలు చేస్తోంది. కానీ చూడటానికి పగటి వెలుగు కావాలి, సముద్రం నెమ్మదిగా ఉండాలి. ఫిన్‌లెస్ పోర్పాయిస్‌కు వీపు రెక్క ఉండదు, డాల్ఫిన్‌లా ఎగరదు, ఊపిరి కోసం ఒక్క క్షణం పైకి వచ్చి చప్పుడు లేకుండా మునిగిపోతుంది. చిన్న అలలున్నా కంటికి దొరకదు. స్పెర్మ్ తిమింగలం ఒకసారి మునిగితే ముప్పావు గంట దాకా పైకి రాకపోవచ్చు. నీటిలో ఉంచిన రికార్డర్‌కు రాత్రీ పగలూ ఒకటే. తుపాను వచ్చి పడవలు ఒడ్డున ఆగిపోయిన రోజుల్లో కూడా అది వింటూనే ఉంటుంది.

అయితే శబ్ద పద్ధతికి ఉన్న పెద్ద లోటు ఒకటుంది. మౌనంగా ఉన్న జీవి దానికి లేనట్టే. హంప్‌బ్యాక్ తిమింగలాల్లో పాట పాడేది మగవి మాత్రమే. తల్లీ పిల్లా మీ రికార్డర్ పక్కనుంచే వెళ్లినా ఆ పాట రికార్డు కాదు. ఒక గంటలో వంద క్లిక్కులు వచ్చాయంటే అక్కడ ఉన్నది ఒక్క పోర్పాయిసా, అయిదా అన్నది కూడా నేరుగా తెలియదు.

కాబట్టి మీ ప్రశ్న "మొత్తం ఎన్ని ఉన్నాయి?" అయితే ఒకటి రెండు రికార్డర్లతో మొదలుపెట్టకండి. శబ్దంతో సంఖ్య తేల్చడం అసాధ్యం కాదు, బాల్టిక్ సముద్రంలో తేల్చారు. అక్కడ 2011 నుంచి 2013 దాకా ఎనిమిది దేశాలు కలిసి 304 చోట్ల క్లిక్కులు నమోదు చేసే పరికరాలు దించాయి. అంత చేశాక తేలింది ఆ ప్రాంతంలో మిగిలిన హార్బర్ పోర్పాయిస్‌లు దాదాపు 500 అని. అదీ చాలా విశాలమైన అనిశ్చితితో. మీ ప్రశ్న "ఏ నెలల్లో వస్తున్నాయి, రాత్రి ఎక్కువా పగలు ఎక్కువా, ఓడల రాకపోకలు పెరిగినప్పుడు తగ్గుతున్నాయా" అయితే మాత్రం వినడమే మేలు. ఒక విద్యార్థి చేతిలో ఉన్న సమయానికి, డబ్బుకి సరిపోయే ప్రశ్నలు ఇవే.

ఎంత దూరం నుంచి వినిపిస్తుంది

పరికరాల కంపెనీల కాగితాల్లో ఉండని విషయం ఇది. ఎంపికంతా దీనిమీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు వెళ్తుంది, గాలిలో కంటే నాలుగు రెట్ల పైన. కానీ అన్ని శ్రుతులూ ఒకేలా ప్రయాణించవు. 130 కిలోహెర్ట్జ్ దగ్గర నీరు ధ్వనిని మింగేస్తుంది. ఒక కిలోమీటరు వెళ్లేసరికి ఆ ఒక్క కారణంగానే దాదాపు 40 డెసిబెల్స్ పోతాయి. దానికి తోడు పోర్పాయిస్ క్లిక్కు అన్ని దిక్కులకూ వెళ్లదు, టార్చిలైటు వెలుగులా ముందుకు సన్నగా పడుతుంది. అది మీ పరికరం వైపు తల తిప్పినప్పుడే బాగా దొరుకుతుంది. ఈ రెండూ కలిసి పోర్పాయిస్‌ను వినగలిగే దూరం కొన్ని వందల మీటర్లకే పరిమితం. అంటే ఒక్క పరికరం చెప్పేది ఆ చిన్న వలయం గురించే, మొత్తం తీరం గురించి కాదు.

నీలి తిమింగలం పిలుపు అలా కాదు. దాన్ని నీరు మింగడం దాదాపు లేనట్టే. లోతైన సముద్రంలో వందల కిలోమీటర్ల అవతల ఉన్నదాన్ని కూడా పట్టుకున్న సందర్భాలున్నాయి. 1990లలో అమెరికా నౌకాదళం జలాంతర్గాముల కోసం అడుగున పరిచిన హైడ్రోఫోన్లను, అంటే నీటి కింద వినే మైకులను, శాస్త్రవేత్తలకు తెరిచినప్పుడు, ఒకే నీలి తిమింగలాన్ని వారాల తరబడి వెంబడించగలిగారు. అలాగని ఒడ్డు పక్కన పెడితే అన్నీ వినిపిస్తాయని అనుకోకండి. లోతు తక్కువ నీటిలో బాగా తక్కువ శ్రుతి ధ్వనులు ప్రయాణించలేవు. ఇసుక అడుగున్న చోట నీటి లోతు 10 మీటర్లే ఉంటే సుమారు 80 హెర్ట్జ్ లోపు ధ్వనులు దూరం వెళ్లకుండా చచ్చిపోతాయి. లోతు 50 మీటర్లకు పెరిగితే ఆ హద్దు 16 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. ఇది డిగ్రీ స్థాయి లెక్కే, పిల్లలతో బోర్డు మీద చేయించవచ్చు. ఓడరేవు గోడ పక్కన రికార్డర్ దించి "ఇక్కడ నీలి తిమింగలాలు లేవు" అని రాసేస్తే అది ఫలితం కాదు. ఆ లోతులో ఆ పిలుపు చేరే అవకాశమే లేదు.

మన దేశంలో చక్కగా కుదిరిన ఉదాహరణ లక్షద్వీప్. దివ్యా పణిక్కర్, కేట్ స్టాఫర్డ్ అనే పరిశోధకులు 2018 చివర నుంచి 2020 దాకా కవరత్తి దగ్గర రికార్డర్లు ఉంచి నీలి తిమింగలాల పాటలు పట్టుకున్నారు. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువగా వినిపించాయి. పగడపు దీవి అంచు దాటగానే లోతైన సముద్రం మొదలయ్యే చోటు అది. జీవికి, పరికరానికి, లోతుకు పొంతన కుదిరింది. అంతకు ముందు చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు ఆగ్నేయ అరేబియా సముద్రంలో, లోతు తక్కువ నీటిలోనే హంప్‌బ్యాక్ తిమింగలాల పాటల్ని రికార్డు చేసి 2015లో ప్రచురించారు. హంప్‌బ్యాక్ పాటలో వందల హెర్ట్జ్ నుంచి కొన్ని కిలోహెర్ట్జ్ దాకా శక్తి ఉంటుంది కాబట్టి అక్కడ అది సాధ్యమైంది.

క్లిక్ లాగరా, పూర్తి శబ్ద రికార్డరా

అసలు ఎంపిక ఇదే. పోర్పాయిస్ మీద పనిచేసేవాళ్లు అందరూ ఏదో ఒక రోజు ఈ రెంటి మధ్య తేల్చుకోవాల్సిందే.

క్లిక్ లాగర్ శబ్దాన్ని దాచుకోదు. నీటిలో వచ్చిన ప్రతి క్లిక్కు ఎప్పుడు వచ్చింది, ఏ శ్రుతి, ఎంత నిడివి, ఎంత గట్టిగా ఉంది అనే వివరాలు మాత్రమే రాసుకుంటుంది. ఇంగ్లండ్‌కు చెందిన చెలోనియా కంపెనీ చేసిన సీ-పాడ్, దాని తర్వాత వచ్చిన ఎఫ్-పాడ్ ఈ రకం. సీ-పాడ్ 20 నుంచి 160 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. లావుపాటి టార్చి బ్యాటరీలు పదింటితో నాలుగు నెలల పైన నీళ్లలో ఉండగలదు. తిరిగి తీసేసరికి ఉండే డేటా చిన్నది, మామూలు లాప్‌టాప్‌లో ఇమిడిపోతుంది.

పూర్తి రికార్డర్ వినిపించినదంతా అలాగే దాస్తుంది. న్యూజిలాండ్ వాళ్ల సౌండ్‌ట్రాప్ ఈ రకంలో బాగా వాడుకలో ఉన్నది. ఏ శ్రుతిని పట్టాలన్నా దానికి కనీసం రెట్టింపు శాంప్లింగ్ రేటు (సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలిచి రాసుకుంటుందన్న లెక్క) కావాలి. 130 కిలోహెర్ట్జ్ క్లిక్కు కోసం 260 పైన పెట్టాలి, వాడుకలో 384 లేదా 576 కిలోహెర్ట్జ్ పెడతారు. 384 దగ్గర 16 బిట్లలో ఆపకుండా రికార్డు చేస్తే రోజుకు 66 గిగాబైట్లు. నెలకు రెండు టెరాబైట్లు. అదే పెద్ద తిమింగలాల కోసం 8 కిలోహెర్ట్జ్ సరిపోతుందనుకుంటే రోజుకు 1.4 గిగాబైట్లే, ఏడాది మొత్తం 512 గిగాబైట్ల కార్డులో పడుతుంది. (అంతకాలం బ్యాటరీ ఉంటుందా అన్నది వేరే సంగతి.) పరికరం ఎంచుకునే ముందు ఈ గుణకారం చేసి చూడండి. హార్డ్ డిస్కుల ఖర్చు, కాపీ చేయడానికి పట్టే సమయం, కరెంటు పోయినప్పుడు ఆగే విశ్లేషణ అన్నీ అందులోనే కనిపిస్తాయి.

క్లిక్ లాగర్ ఏం చేయగలదో తెలియాలంటే మెక్సికోలోని వకీటా కథ చూడాలి. ప్రపంచంలోకెల్లా చిన్న పోర్పాయిస్ అది. కాలిఫోర్నియా సింధుశాఖ పై భాగంలో తప్ప ఎక్కడా లేదు. 1997లో 567 ఉంటాయని అంచనా. తొతొవాబా అనే చేప కోసం నీటిలో తెరలా వేసే గిల్ నెట్ వలల్లో చిక్కి చస్తూ వచ్చాయి. కంటికి కనిపించడం కష్టమైపోయిన దశలో 46 చోట్ల క్లిక్ లాగర్లు పెట్టి 2011 నుంచి ప్రతి ఎండాకాలం విన్నారు. ఏటేటా క్లిక్కులు ఎలా తగ్గిపోతున్నాయో ఆ లెక్కలే చూపించాయి. 2016 చివరికి మిగిలినవి 30 ప్రాంతం. ఏటా అవే చోట్ల, అదే రకం పరికరం, అదే కాలం. ఆ పట్టుదల వల్లే తగ్గుదల మీద వాదించడానికి ఎవరికీ సందు దొరకలేదు. మన తీరంలోని ఫిన్‌లెస్ పోర్పాయిస్ కూడా గిల్ నెట్‌లలోనే ఎక్కువగా చిక్కుకుంటుంది. అది అంతర్జాతీయ జాబితాలో ముప్పు ఎదుర్కొంటున్న జాతి. అక్కడ జరిగింది ఇక్కడ జరగక ముందే వినడం మొదలుపెట్టాలన్నదే నా ఆరాటం.

మరి క్లిక్ లాగర్‌లో ఇబ్బంది ఏంటంటే, అనుమానం వచ్చినప్పుడు మళ్లీ విని చూసుకోవడానికి అసలు శబ్దం ఉండదు. మన వెచ్చని తీర జలాల్లో ఇది చిన్న సమస్య కాదు. స్నాపింగ్ ష్రింప్ అనే చిన్న రొయ్యలు తమ పెద్ద గోరుతో బుడగను పేల్చి చేసే చిటపటలు రాత్రంతా వినిపిస్తాయి, వాటి శక్తి 200 కిలోహెర్ట్జ్ దాకా పాకుతుంది. చేపల కోసం పడవల్లో వాడే ఎకో సౌండర్లు 50, 200 కిలోహెర్ట్జ్ దగ్గర కొడుతుంటాయి. వీటి మధ్య పోర్పాయిస్‌ను గుర్తుపట్టే కిటుకులున్నాయి. దాని క్లిక్కు శక్తి ఒక సన్నని పట్టీలోనే ఉంటుంది, రొయ్య చిటపట అన్ని శ్రుతుల్లోకీ చెదిరిపోతుంది. యంత్రం కొట్టే క్లిక్కుల మధ్య విరామం ఎప్పుడూ ఒకటే. జీవి క్లిక్కుల మధ్య విరామం మారుతుంటుంది, చేప దగ్గరికి వచ్చేకొద్దీ క్లిక్కులు త్వరత్వరగా పడి చివరికి ఝుమ్మని కలిసిపోతాయి. ఆ వరుసను ఒకసారి తెర మీద చూస్తే మర్చిపోరు.

ఇంకో సంగతి డాల్ఫిన్లు. మన తీరంలో పోర్పాయిస్‌ల కంటే డాల్ఫిన్లే ఎక్కువ. క్లిక్ లాగర్ పోర్పాయిస్‌నూ డాల్ఫిన్‌నూ వేరు చేస్తుంది కానీ ఏ జాతి డాల్ఫిన్ అన్నది చెప్పలేదు. అది తేల్చాలంటే వాటి ఈలలు కావాలి, ఈలల కోసం పూర్తి రికార్డర్ కావాలి. పోర్పాయిస్ అసలు ఈల వేయదు.

నా సలహా ఇది. ప్రశ్న పోర్పాయిస్ గురించే అయితే, ఏడాది పొడవునా చూడాలంటే, క్లిక్ లాగర్లే తీసుకోండి. కానీ వాటిలో ఒకదాని పక్కన ఒక పూర్తి రికార్డర్‌ను కొన్ని వారాలైనా ఉంచండి. లాగర్ "పోర్పాయిస్" అన్నప్పుడల్లా అది నిజమేనా అని ఆ రికార్డింగులో సరిచూడండి. యూరప్ చల్లని నీళ్లలో సరిచూసిన గుర్తింపు పద్ధతిని మన రొయ్యల మోతలో అలాగే నమ్మేయడం నాకు ఇష్టం లేదు. డబ్బు ఒక్క పరికరానికే ఉంటే, మన తీరం గురించి తెలిసింది ఇంత తక్కువగా ఉన్న ఈ దశలో నేనైతే పూర్తి రికార్డర్‌నే ఎంచుకుంటాను. రేపు ఇంకొకరు వేరే ప్రశ్నతో వచ్చినా ఆ శబ్దం మిగిలి ఉంటుంది.

డేటా తగ్గించడానికి గంటలో కొన్ని నిమిషాలే రికార్డు చేసే పద్ధతి ఉంది. గంటల తరబడి పాడే తిమింగలాలకు అది బాగానే పనిచేస్తుంది. పోర్పాయిస్‌కు మాత్రం నేను ఒప్పుకోను. అది పరికరం దగ్గరికి వచ్చి పోవడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు, ఆ సమయంలో మీ రికార్డర్ నిద్రపోతూ ఉండొచ్చు.

మిగతా దారులు

పడవ నుంచి తీగతో వేలాడదీసే హైడ్రోఫోన్ చవకైనది, అక్కడికక్కడే హెడ్‌ఫోన్స్‌లో వినొచ్చు. డాల్ఫిన్ల ఈలలు నేర్చుకోవడానికి, పిల్లల్లో ఆసక్తి పుట్టించడానికి దీన్ని మించింది లేదు. కానీ పోర్పాయిస్ క్లిక్కు చెవికి వినపడదు కాబట్టి, దాని కోసమైతే ఎక్కువ శాంప్లింగ్ రేటున్న రికార్డర్ తగిలించాల్సిందే. ఇంజన్ ఆపేసి వినాలి. పడవ ఊగిసలాటకు తీగ చేసే గురగుర కూడా తక్కువ శ్రుతిలోనే వస్తుంది, తిమింగలాల మీద పనికి అది అడ్డం.

ఓడ వెనక తీగకు వరుసగా హైడ్రోఫోన్లు కట్టి లాగే పద్ధతితో శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తుంది. స్పెర్మ్ తిమింగలాల సర్వేలకు ఇది గొప్పది. ఓడ సొంతంగా ఉన్న సంస్థలకు తప్ప మనలాంటి వాళ్లకు అందదు, వదిలేయండి.

నీటిపై తేలుతూ అప్పటికప్పుడు ఒడ్డుకు కబురు పంపే లైవ్ బోయాలు, నీటి కింద తనంతట తాను తిరిగే గ్లైడర్లు ప్రమాదాన్ని వెంటనే ఆపాల్సిన చోట కావాలి. అమెరికాలో బోస్టన్‌కు వచ్చే ఓడల దారిలో 2008 నుంచి పది బోయాలు పెట్టి రైట్ వేల్ అనే తిమింగలం పిలుపు వినిపించగానే ఓడలకు హెచ్చరిక వెళ్లేలా చేశారు, అవి వేగం తగ్గించేవి. ఓడ గుద్దితే చచ్చే జీవి, ప్రతి ఒక్కటీ లెక్కలోకి వచ్చేంత తక్కువ సంఖ్య, వేగం తగ్గించమని చెప్పే అధికారం. ఈ మూడూ ఉన్న చోటే లైవ్ పద్ధతికి పెట్టే ఖర్చు సార్థకం. చదువు కోసం చేసే పనికి అక్కర్లేదు.

తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకు

సౌండ్‌ట్రాప్, ఎఫ్-పాడ్ లాంటివి లక్షల్లో మాట. వేలల్లో మొదలుపెట్టాలంటే హైడ్రోమాత్ ఉంది. అడవుల్లో పక్షుల కోసం వాడే ఆడియోమాత్ అనే చిన్న బోర్డుకే నీళ్లలో వాడే డబ్బా, వేరే సాఫ్ట్‌వేర్ చేర్చి చేసిన రూపం ఇది. 384 కిలోహెర్ట్జ్ దాకా రికార్డు చేస్తుంది, డబ్బాను 60 మీటర్ల లోతు దాకా వాడొచ్చని చెబుతారు. లోటేమిటంటే దాని స్పందన అన్ని శ్రుతుల్లోనూ ఒకేలా ఉండదు, ఫ్యాక్టరీలో కొలిచి ఇచ్చిన సున్నితత్వం ఉండదు. కాబట్టి "ఇక్కడ శబ్దం ఇన్ని డెసిబెల్స్" అని దాంతో రాయకూడదు. ఓడల మోత కొలిచే ప్రాజెక్టుకు పనికిరాదు. "ఈ రాత్రి డాల్ఫిన్లు వచ్చాయా లేదా" అన్నదానికి పనికొస్తుంది. మూడు చిన్న పెన్సిల్ బ్యాటరీలు ముందుగా అయిపోతాయి, దానికి తగ్గట్టు షెడ్యూలు వేసుకోవాలి.

దీన్ని మన దగ్గరే నేర్చుకోవచ్చు, అందుకే నాకు ఇష్టం. గండికోట రిజర్వాయర్‌లో, శ్రీశైలం వెనక జలాల్లో, లేదా మీ ఊరి దిగుడుబావిలో అనుమతి అడిగి దించండి. మోటారు బోటు ఎంత దూరం నుంచి వినిపిస్తుందో, వాన పడితే స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ సమయాన ఏ శ్రుతి ఎంత ఉందో చూపే చిత్రంలో) ఏ పట్టీ నిండుతుందో, నీటి పురుగులు ఎంత గోల చేస్తాయో చూడండి. నీరు కారకుండా కేబుల్ జాయింట్ వేయడం అనంతపురంలో సబ్‌మెర్సిబుల్ మోటార్ల పని చేసే మెకానిక్కులకు బాగా తెలుసు. ఏళ్ల తరబడి వందల అడుగుల లోతులో నిలిచే జాయింట్లు వాళ్లవి. ఆ అన్న దగ్గర ఒక పూట కూర్చుంటే పుస్తకంలో లేనివి తెలుస్తాయి.

ఎక్కువ శ్రుతి క్లిక్కులు చదవడం నేర్చుకోవడానికి గబ్బిలాలు ఉన్నాయి. మామూలు ఆడియోమాత్‌ను సాయంత్రం పూట సిద్ధవటం కోట దగ్గరో, బెలుం గుహలున్న కొలిమిగుండ్ల చుట్టుపక్కలో బయట ఉంచితే పురుగులు తినే చిన్న గబ్బిలాల క్లిక్కులు పడతాయి. చింత చెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలు పనికిరావు, అవి కళ్లతో, వాసనతో దారి వెతుక్కుంటాయి. చిన్న గబ్బిలం పురుగును పట్టే ముందు క్లిక్కులు వేగం పెంచే తీరు, పోర్పాయిస్ చేపను పట్టే తీరు తెర మీద దగ్గరగా ఉంటాయి. ఒక సెమిస్టర్ గబ్బిలాల మీద పనిచేసిన విద్యార్థి సముద్రపు డేటా చూసి బెదరడు.

అసలు ఏమీ కొనకుండా మొదలుపెట్టే దారి కూడా ఉంది, మొదటి ఏడాది విద్యార్థులకు నేను చెప్పేది అదే. అమెరికాలోని మాంటెరే బే అక్వేరియం పరిశోధన సంస్థ సుమారు 900 మీటర్ల లోతులో ఉన్న తమ హైడ్రోఫోన్ రికార్డింగులను 2015 నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. వుడ్స్ హోల్ సంస్థ దగ్గర విలియం వాట్కిన్స్ పేరుతో ఉన్న శబ్దాల భాండాగారంలో ఒక్కో జాతి గొంతు విడివిడిగా వినొచ్చు. విశ్లేషణకు పామ్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, క్లిక్కుల పనికి అదే సరైనది, కానీ నేర్చుకోవడానికి ఓపిక కావాలి. పాటలు, పిలుపులు కంటితో చూసి గుర్తుపెట్టడానికి రావెన్ లైట్ చాలు. ఆడాసిటీ ఒక్క ఫైల్ వినడానికి బాగుంటుంది, వందల గంటల డేటాకు దాన్ని నమ్ముకోవద్దు. నీలి తిమింగలం పాట వినాలంటే వేగం పది రెట్లు పెంచి వినండి.

ఎవరికి ఏది

డిగ్రీ, ఎమ్మెస్సీ మొదటి ఏడాది పిల్లలు ఉచిత డేటాతోనే పని చేయండి, పక్కన గబ్బిలాలో రిజర్వాయరో పెట్టుకోండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నెల్లూరు, కాకినాడ, విశాఖ వైపు ఏదైనా సంస్థతో కలిసి వెళ్లే వీలుంటే హైడ్రోమాత్, డాల్ఫిన్లు, కొన్ని వారాలు. ఇంతకు మించి మాటివ్వకండి. పీహెచ్‌డీ స్థాయిలో పోర్పాయిస్ మీద పనికి క్లిక్ లాగర్లు, పక్కన సరిచూసే రికార్డర్, కనీసం ఒక పూర్తి సంవత్సరం. తిమింగలాల మీదైతే 50 మీటర్ల కంటే లోతున్న చోటు, తక్కువ శాంప్లింగ్ రేటు, ఎక్కువ కాలం, కొలిచిన సున్నితత్వం ఉన్న పరికరం. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మనకు దగ్గర. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్, అంటే జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఉంది. సొంతంగా కొనే ముందు వీళ్లతో మాట్లాడండి.

ఏ దారి ఎంచుకున్నా అనుమతులు మొదటి నెలలోనే మొదలుపెట్టాలి. తిమింగలాలు, డాల్ఫిన్లు, పోర్పాయిస్‌లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, అటవీ శాఖను అడగాలి. ఓడరేవు దగ్గరైతే రేవు అధికారులను అడగాలి. విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది. అక్కడ నీటి కింద శబ్దం రికార్డు చేయడం దేశ భద్రతకు సంబంధించిన విషయం. వినేది తిమింగలాన్నే అయినా రాతపూర్వక అనుమతి లేకుండా తీగ ముక్క కూడా దించకండి.

ఇక పరికరాలు పోయేది ఎక్కువగా ట్రాలర్ వలల వల్ల. అడుగున పెట్టే ముందు ఆ ఊరి మత్స్యకార పెద్దలతో కూర్చుని వలలు ఏ దారిలో లాగుతారో అడగండి, పరికరం మీద తెలుగులో ఫోన్ నంబరు రాయండి, దొరికితే తెచ్చిచ్చినవాళ్లకు ఏమిస్తారో ముందే చెప్పండి. వెచ్చని నీళ్లలో కొన్ని వారాలకే పాచి, గుల్లలు పట్టి హైడ్రోఫోన్‌ను మూసేస్తాయి, కాబట్టి తుడిచే రోజులు కూడా ఖర్చులో కలపండి. దించిన ప్రతిసారీ చోటు, నీటి లోతు, గెయిన్ (శబ్దాన్ని పరికరం ఎంత పెంచుతుందన్న) సెట్టింగు, శాంప్లింగ్ రేటు, పరికరం గడియారానికి జీపీఎస్ సమయానికి ఉన్న తేడా కాగితం మీద రాసుకోండి. పైకి తీశాక ఆ గడియారం తేడాను ఇంకోసారి చూసి రాయండి. రెండు పరికరాల క్లిక్కులను పక్కపక్కన పెట్టి పోల్చాల్సి వచ్చినప్పుడు అక్కరకొచ్చేవి ఆ రెండు అంకెలే.